చలి కిందనుంచి లాగేస్తుంది

పోయిన నెల మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, స్లీపింగ్ బ్యాగ్ కొంటున్నా. మైనస్ పదిది. ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందట, తీసేసుకోనా?" అన్నాడు. ఎక్కడికిరా ప్రయాణం అంటే లంబసింగి, వంజంగి, కుదిరితే ఆదిలాబాద్ వైపు కెరమెరి ఘాట్లు అన్నాడు. ఆగమన్నాను. ఎందుకు ఆగాలో పది నిమిషాలు చెప్పాను గానీ వాడికి సగమే ఎక్కింది. మిగతా సగం, ఫోన్లో కుదరని ఇంకొంచెం, ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ఇదీ: మన కొండల్లో రాత్రి గడపడానికి మైనస్ అంకె వేసిన బ్యాగు అక్కర్లేదు. నేలకీ ఒంటికీ మధ్య సరైన మ్యాట్, పైన తేలికైన క్విల్ట్ ఉంటే చాలు. క్విల్ట్ అంటే కొత్త వస్తువేం కాదు, మన బొంతే. దాన్ని మా అమ్మమ్మ బొంతను చూసుకున్నట్టు చూసుకుంటే ఏళ్ల తరబడి వెచ్చగా ఉంచుతుంది. ఈ అభిప్రాయానికి రావడానికి నాకు మూడు బ్యాగులు, ఆరేడేళ్లు పట్టాయి.

కొర్రబయలులో ఒక రాత్రి

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుందని చాలామందికి తెలుసు. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు. ఎనిమిదేళ్ల కిందట డిసెంబర్‌లో నలుగురం వెళ్లాం. నాది హైదరాబాద్‌లో అద్దెకు తెచ్చుకున్న బ్యాగు. దాని మీద వెండి రంగు అక్షరాలతో మైనస్ 10 అని ఉంది. ఆ అంకె చూసే ధైర్యంగా ఉన్నాను. టెంట్ అడుగున ఒక దుప్పటి మాత్రం పరిచాను. వాగు పక్కన పల్లంగా, చదునుగా ఉన్న చోటు చూసి టెంట్ వేశాం.

రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. పైన ఏమీ చలి లేదు. భుజం, తుంటి, మడమలు, నేలకి తగిలిన ప్రతిచోటా చన్నీళ్లలో పెట్టినట్టు ఉంది. పక్కకి తిరిగితే ఆ పక్క గడ్డకట్టడం మొదలు. స్వెటర్ మీద స్వెటర్ వేసుకున్నాను. బ్యాగు బిగుతై ఇంకా చలేసింది. మాలో ఒకమ్మాయి దగ్గర చిన్న థర్మామీటర్ ఉండేది. టార్చి వేసి చూస్తే ఆరు. మైనస్ ఆరు కాదు, ఆరు డిగ్రీలు. అప్పటిదాకా ఆ వెండి అక్షరాలను పూర్తిగా నమ్మాను.

నాలుగింటికి ఇక పడుకోలేక బయటికి వచ్చి రోడ్డు పక్కన టీ కొట్టు దాకా నడిచాను. కొట్టు పెద్దాయన అప్పుడే లేస్తున్నాడు. ఆయన పక్క చూశాను. మోకాలి ఎత్తున ఎండుగడ్డి, దాని మీద రెండు గోనెసంచులు, పైన రంగు వెలిసిన రగ్గు ఒకటి, దుప్పటి ఒకటి. అంతే. నేను వణుకుతుంటే ఆ గడ్డి మీదే కూర్చోమన్నాడు. "పైన ఎన్ని కప్పితే ఏటమ్మా, సలి కిందనుంచి లాగేస్తాది" అన్నాడు, పొయ్యి రాజేసుకుంటూ. గోనెసంచి కింద గడ్డిలోకి చెయ్యి పెట్టి చూశాను. ఆయన లేచి పది నిమిషాలైనా ఇంకా గోరువెచ్చగానే ఉంది. తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆయన మాటకి శాస్త్రం తరవాత తెలుసుకున్నాను. బ్యాగుకి సొంత వేడి ఉండదు. వేడి మన ఒంటిది. ఆ వేడి బయటికి పోకుండా అడ్డుకునేది బ్యాగులో నిలిచిన గాలి. మన బరువు పడగానే కింది భాగంలో దూది అణిగిపోతుంది, గాలి పోతుంది. అంటే ఎంత ఖరీదైన బ్యాగైనా కింది సగం పేరుకే. ఒంట్లో వేడిని నేల నేరుగా లాక్కుంటుంది. దాన్ని ఆపాల్సింది మ్యాట్. ఎండుగడ్డి చేసిన పని అదే. ప్రతి గడ్డిపోచా ఒక బోలు గొట్టం, లోపల కదలని గాలి.

మ్యాట్ ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకెని ఆర్-వాల్యూ అంటారు. మామూలు ఫోమ్ మ్యాట్ రెండు దాకా వస్తుంది. మంచు మీద పడుకోవాలంటే నాలుగు, ఆపైన ఉండాలంటారు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, ఈ అంకెలు కూడుకుంటాయి. ఒక మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేస్తే రెండూ రెండూ నాలుగే. మన చోట్లకి ఒక మంచి ఫోమ్ మ్యాట్, మరీ చలైతే రెండు. యోగా మ్యాట్ సరిపోదు, అది పల్చన.

ఇంకొకటి, మేం టెంట్ వేసిన పల్లం. చల్లగాలి బరువు, రాత్రిపూట నీళ్లలాగే పల్లానికి పారుతుంది. వాగు ఒడ్డు వదిలి కాస్త మెరక మీద వేసుకుంటే ఖర్చు లేకుండానే ఒకటి రెండు డిగ్రీలు కలిసొస్తాయి.

ఆ అంకె ఎవరిది?

బ్యాగుల మీద వేసే ఉష్ణోగ్రతలకి ఒక ప్రమాణం ఉంది. 2002లో యూరప్‌లో ఈఎన్ 13537 అని వచ్చింది, 2016 నుంచి ఐఎస్ఓ 23537. వేడెక్కించిన మనిషి బొమ్మకి పల్చని బట్టలు తొడిగి, బ్యాగులో పెట్టి, మ్యాట్ మీద పడుకోబెట్టి కొలుస్తారు. మళ్లీ చదవండి, మ్యాట్ మీద. అంటే లేబుల్ మీది అంకెలో మ్యాట్ కూడా కలిసే ఉంది. మ్యాట్ లేకుండా పడుకుంటే ఆ అంకెకి అర్థమే లేదు.

ఆ పరీక్షలో మూడు అంకెలు వస్తాయి. కంఫర్ట్ అంటే ఒక మామూలు స్త్రీ ఒళ్లు వదులుగా పెట్టుకుని హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ఒక మామూలు మగాడు ముడుచుకుని పడుకుని, మెలకువ రాకుండా ఎనిమిది గంటలు గడపగలిగేది. మూడోది ఎక్స్‌ట్రీమ్. ఆరుగంటలపాటు ప్రాణం నిలబెట్టుకోగలిగే హద్దు అది. నిద్రతో సంబంధం లేదు. కంఫర్ట్ ఏడు డిగ్రీలున్న బ్యాగుకి కూడా ఎక్స్‌ట్రీమ్ అంకె మైనస్ పది దరిదాపుల్లో ఉంటుంది. చవక బ్యాగుల మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాసార్లు ఈ మూడో అంకే. కొన్నిటికి ఏ పరీక్షా ఉండదు, అమ్మేవాళ్లకి తోచింది వేస్తారు.

ఈ మాట ఆడవాళ్లకి ప్రత్యేకంగా చెప్తున్నాను. మన నిద్ర సంగతి చెప్పేది కంఫర్ట్ అంకె ఒక్కటే. షాపులో అబ్బాయి లిమిట్ చూపించి "ఇది జీరోకి పనికొస్తుంది మేడమ్" అంటే, ఆ జీరో మీది కాదు. కంఫర్ట్ ఎంతో చూపించమనండి. లేబుల్ మీద అది లేకపోతే ఆ బ్యాగు అక్కడే వదిలేయండి. మగవాళ్లలోనూ చలికి ఓర్చుకోలేనివాళ్లు ఈ అంకే చూసుకోవడం మంచిది.

మన కొండల సంగతికి వస్తే, గట్టి చలి పడ్డ రాత్రుల్లో లంబసింగి, చింతపల్లి వైపు సున్నా దగ్గరికి వెళ్తుంది. అది ఏడాదికి కొన్ని రాత్రులే. మామూలు డిసెంబర్ రాత్రులకి కంఫర్ట్ అయిదు డిగ్రీల క్విల్ట్, ఒక ఉన్ని టోపీ, పొడి సాక్సులు చాలు. నాకు అయిదారేళ్లుగా అవే సరిపోతున్నాయి.

అమ్మమ్మ దబ్బనం

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లె. చిరిగిన నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, దబ్బనంతో వరసలు వరసలుగా కుట్టి బొంత చేసేది. అన్ని వరసలెందుకమ్మమ్మా అంటే, "కుట్టకపోతే గుడ్డంతా ఓ మూలకి చేరుతుంది, మధ్యలో చలేస్తుంది" అనేది. ఇప్పుడు నా క్విల్ట్ మీద అడ్డంగా కుట్టిన గదులున్నాయి. లోపలి దూది ఓ మూలకి చేరకుండా ఉండటానికే అవి.

క్విల్ట్‌కి వీపు కింద గుడ్డ ఉండదు. ఎలాగూ అణిగిపోయి పనికిరాని భాగమే కదా అని తీసేశారు. పాదాల దగ్గర మాత్రం సంచిలా మూసి ఉంటుంది, పైనంతా బొంతలా కప్పుకోవడమే. జిప్పు ఉండదు, అర్ధరాత్రి జిప్పులో గుడ్డ ఇరుక్కోవడం ఉండదు. చలెక్కువైతే అంచులు ఒంటికిందకి దోపుకోవడం, ఉక్కగా ఉంటే కాలు బయట పెట్టడం. నిజానికి స్లీపింగ్ బ్యాగ్ తొలి రూపాల్లో ఒకటి రగ్గే. వేల్స్‌లో ప్రైస్ ప్రైస్-జోన్స్ అనే వ్యాపారి 1876లో యూక్లీసియా రగ్గు అని పేటెంట్ తీసుకున్నాడు. మడిచి మూసుకునే ఉన్ని రగ్గు అది, తలగడ పెట్టుకోడానికి ఒక జేబు కూడా ఉండేది. రష్యా సైన్యం అరవై వేలు ఆర్డరిచ్చింది.

బొంత గురించి చెప్తే దూదేకులాయన గుర్తొస్తాడు. చలికాలం ముందు మా వీధికి వచ్చేవాడు. అణిగి అట్టకట్టిన పరుపు విప్పి, లోపలి దూదిని మా అరుగు మీద పోసి, విల్లులాంటి పరికరం పట్టుకుని తీగ మీద మోగించేవాడు. టుంయ్ టుంయ్ మని శబ్దం. గంటలో ఆ చిన్న కుప్ప అరుగంతా నిండిపోయేది, మా ఎత్తుకి లేచేది. బరువు మాత్రం అంతే. ఎక్కువైంది గాలి. బ్యాగుల ప్రపంచంలో లాఫ్ట్ అంటారే, అది నేను మొదట చూసింది ఆ అరుగు మీద.

డౌన్ బ్యాగుల మీద 650, 800 అని ఉండేది కూడా ఆ లెక్కే. డౌన్ అంటే బాతుల రొమ్ము దగ్గరి మెత్తని నూగు. 650 అంటే ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు 650 ఘనపు అంగుళాలు పొంగుతుంది. మన లెక్కలో పది లీటర్ల పైమాటే. గుప్పెడు బరువు కూడా లేని నూగు పెద్ద బిందె నింపేస్తుందన్నమాట. అయితే 800 అంకె ఉన్న బ్యాగు 650 బ్యాగు కన్నా వెచ్చన అనుకోకూడదు. లోపల ఎన్ని గ్రాములు కూరారో అది కూడా చూడాలి. 800 అంటే అదే వెచ్చదనం తక్కువ బరువులో దొరుకుతుందని మాత్రమే.

మరి డౌన్ కొనాలా, సింథటిక్, అంటే పాలియెస్టర్ దూది నింపింది కొనాలా? నేను సింథటిక్ అంటాను, మన కొండలకి. వంజంగిలో మబ్బులు కాళ్ల కింద పారుతున్నాయని ఫొటోలు తీసుకుంటాం. ఆ మబ్బే రాత్రంతా టెంట్ మీద కూర్చుంటుంది. తెల్లారి టెంట్ లోపలి గుడ్డని వేలితో తాకితే నీళ్లు జారతాయి. పైగా మన ఊపిరి, చెమటా కలిసి రాత్రికి గ్లాసుడు నీళ్లకి తక్కువ కాదు. డౌన్ తడిస్తే ఉండకట్టి అప్పడంలా అవుతుంది, వెచ్చదనం పోతుంది. సింథటిక్ తడిసినా కొంత పొంగు నిలబెట్టుకుంటుంది, త్వరగా ఆరుతుంది. బరువు ఎక్కువే, ఒప్పుకుంటాను. నాది తొమ్మిది వందల గ్రాములు, అదే వెచ్చదనం డౌన్‌లో ఇంకా తక్కువలో వస్తుంది. కానీ లంబసింగిలో టెంట్ దాకా ఆటో వస్తుంది. ఆ కాస్త బరువు కోసం రెట్టింపు డబ్బు పోసి, మంచులో తడుస్తుందేమోనని టెన్షన్ పడటం నాకు సరిపడలేదు.

నా మాట ఎక్కడ చెల్లదు

పక్కమీద బాగా దొర్లేవాళ్లకి క్విల్ట్ ఇబ్బందే. దొర్లిన ప్రతిసారీ పక్కనుంచి గాలి దూరుతుంది. మాతో వచ్చే ఒకామె రెండు రాత్రులు ప్రయత్నించి మళ్లీ బ్యాగుకే వెళ్లిపోయింది. ఆమెకి అదే సరైనది. మ్యాట్‌కి కట్టుకునే పట్టీలు కొన్ని క్విల్ట్‌లకి వస్తాయి, అవి చాలావరకు ఆపుతాయి గానీ పూర్తిగా కాదు.

హిమాలయాల్లో చలికాలం సంగతి వేరు. కేదార్‌కంఠ 12,500 అడుగుల ఎత్తు. డిసెంబర్, జనవరిలో మంచు మీద టెంట్ వేస్తారు, రాత్రి సున్నాకి బాగా కిందకి వెళ్తుంది. అక్కడ తలమీద ముసుగుండే మమ్మీ బ్యాగే కావాలి, క్విల్ట్ కాదు. అయితే దానికోసం ముప్పై వేలు పోసి సొంతంగా కొనాలా అన్నది నా సందేహం. ట్రెక్ నడిపేవాళ్లు బ్యాగులు ఇస్తారు. ఏడాదికి ఒక్కసారి, అయిదు రాత్రుల కోసం కొన్న డౌన్ బ్యాగు మిగతా మూడువందల అరవై రోజులు హైదరాబాద్ అటక మీద ఏమవుతుందో నాకు అనుభవం. దాని గురించి కింద చెప్తాను.

అద్దె బ్యాగు మురికిగా ఉంటుందన్నది న్యాయమైన భయం. నేనూ వాసన భరించలేక ఒక రాత్రి జాకెట్‌తోనే కూర్చున్నాను. దానికి మందు లైనర్. పాత పల్చటి నూలు చీర తీసుకుని, మధ్యకి మడిచి, రెండు పక్కలా కుట్టేస్తే మనిషి పొడవుకి మించిన సంచి వస్తుంది. అందులో దూరి, ఆ తరవాత బ్యాగులో దూరాలి. అద్దె బ్యాగైతే మురికి మనకి అంటదు. సొంత క్విల్ట్ అయితే మన చెమట దానికి అంటదు, ఉతుకులు తగ్గుతాయి. జరీ అంచుంటే ఊడదీయాలి, గీరుకుంటుంది. పట్టుచీర ఇంకా తేలిక, త్వరగా ఆరుతుంది, కానీ మనసొప్పాలి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. సింథటిక్ కుదించి కుదించి వాడితే డౌన్ కన్నా ముందే పొంగు పోతుంది. బాగా చూసుకున్న డౌన్ ఎక్కువ కాలం వస్తుంది. "బాగా చూసుకున్న" అన్న మాట దగ్గరే నేను దెబ్బతిన్నాను.

అటక మీది బ్యాగు

కేదార్‌కంఠ నుంచి వచ్చాక నా డౌన్ బ్యాగుని దాని చిన్న సంచిలోకి గట్టిగా కూరి అటక మీద పెట్టేశాను. రెండు వానాకాలాలు పోయాయి. తీసి చూస్తే ముక్కిన వాసన, పట్టుకుంటే అట్టముక్కలా ఉంది. విదిలించినా పొంగలేదు. నలభై ఏళ్లు పరుపులు ఎండబెట్టిన అమ్మ ఒక్కసారి తడిమి, "దూది ఉండకట్టిందే, ఇలా కుక్కి పెడతారా ఎవరైనా?" అంది.

ఉతకడం మొదలుపెట్టాం. బట్టల సబ్బు పౌడర్ వాడకూడదు, నూగుకి సహజంగా ఉండే జిడ్డుని లాగేస్తుంది, తరవాత పొంగదు. నిక్వాక్స్ లాంటి డౌన్‌కి ప్రత్యేకంగా చేసిన సబ్బు దొరుకుతుంది. కంఫర్ట్ లాంటి ఫాబ్రిక్ కండిషనర్లు అసలొద్దు. మధ్యలో నిలువు కడ్డీ ఉండే మిషన్‌లో వేస్తే లోపలి గదులు చిరుగుతాయి. ముందు తలుపున్నది అయితే నెమ్మదిగా తిప్పే సెట్టింగ్‌లో వేయొచ్చు. మేం తొట్టిలోనే పిసికాం. నురగ పోయేదాకా ఏడుసార్లు నీళ్లు మార్చాం. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది బయటికి తీసేటప్పుడు. నీళ్లు పీల్చిన బ్యాగు రాయిలా ఉంటుంది. ఒక అంచు పట్టుకుని ఎత్తితే ఆ బరువుకే లోపలి కుట్లు తెగిపోతాయి. తొట్టిలోనే నీళ్లు నొక్కి వదిలించి, పసిపిల్లని ఎత్తినట్టు రెండు చేతులూ కిందనుంచి పెట్టి ఇద్దరం ఎత్తాం.

ఆరబెట్టడం మూడు రోజులు. డ్రయర్ ఉంటే తక్కువ వేడిలో రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి తిప్పితే సరిపోతుంది, బంతులు ఉండల్ని కొట్టి విడదీస్తాయి. మాకు లేదు. నవారు మంచం మీద పరిచి, ఫ్యాన్ కింద నీడలో పెట్టాం. దండెం మీద వేలాడదీస్తే తడి నూగంతా కిందకి జారుతుంది, అందుకే మంచం. ఎండలో వేద్దామంది అమ్మ, బొంత అలవాటు. నూలు బొంతకి ఎండ మంచిదే గానీ నైలాన్ గుడ్డ గట్టి ఎండకి పాడవుతుంది. ఈ ఒక్క విషయంలో అమ్మని ఆపాల్సొచ్చింది. సాయంత్రాలు సీరియల్ చూస్తూ ఒడిలో ఒక్కో గది పెట్టుకుని, వేళ్లతో ఉండ వెతికి, చిటికెలా నలిపి విడదీసేది. చింతగింజంత ఉండలు. పైకి ఆరినట్టే ఉన్నా ఉండ లోపల తడి ఉండేది, నలిపితే వేళ్లకి తెలిసేది. మూడోరోజు రాత్రి బ్యాగు దానంతటదే లేచింది. పూర్తిగా పాత పొంగు రాలేదు. రొమ్ము దగ్గరి రెండు గదులు ఇప్పటికీ పల్చగానే ఉన్నాయి.

అప్పటినుంచి ఇంట్లో ఏ బ్యాగూ, క్విల్టూ కుదించి పెట్టడం లేదు. దిండుగలీబు కన్నా పెద్ద నూలు సంచి కుట్టించి అందులో వదులుగా వేసి, బీరువా పైన పెడుతున్నాం. ప్రయాణం నుంచి రాగానే, స్నానం చేయకముందే, దాన్ని విప్పి కుర్చీల మీద పరుస్తాను. పొడిగానే ఉందనిపించినా ఒకరోజు అలా ఉండాల్సిందే. వానాకాలంలో నెలకోసారి తీసి విదిలిస్తాం. కలరా ఉండలు పెట్టను. ఆ వాసన నెలలపాటు వదలదు, రాత్రంతా ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాలి. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి వేస్తుంది అమ్మ. ఉతికేది మాత్రం రెండు మూడేళ్లకోసారే. మరక పడితే ఆ మేరకే తడిగుడ్డతో తుడుస్తాం.

పడుకునేటప్పుడు పాటించేవి కూడా రెండు ఉన్నాయి. చలికి ముక్కు లోపల పెట్టుకుని ఊపిరి వదలకూడదు, ఆ తడంతా దూదిలోకే పోతుంది. ముఖం బయట పెట్టి టోపీ కిందకి లాక్కోవాలి. రెండోది, ఖాళీ కడుపుతో పడుకోకూడదు. బ్యాగు వేడి పుట్టించదు, మనమే పుట్టించాలి. వేరుశనగ చిక్కీ ఒకటి తిని, స్టీలు సీసాలో వేణ్నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుంటే నాకు తెల్లవారుజాము దాకా నిద్ర పడుతుంది.

మా వాడు ఆఫర్ బ్యాగు కొనలేదు. రెండు ఫోమ్ మ్యాట్లు కొన్నాడు. క్విల్ట్ ఈసారికి నాది తీసుకెళ్తానన్నాడు. లైనర్ సంగతి అమ్మకి చెప్తే పెట్టె తీసి, అంచు వెలిసిన ఒక వెంకటగిరి నూలు చీర బయటికి తీసింది. "వాడు ఇప్పుడెంత పొడుగున్నాడే?" అని అడిగింది. అయిదడుగుల పదకొండు అన్నాను. చీర నేలమీద పరిచి, మధ్యకి మడిచి, టేపు పెట్టి కొలుస్తోంది.